దొరకని రత్తయ్య గారు

ఎనభై ఎనిమిదిలో ఒక ఉదయం, జగ్గయ్యపేట దగ్గరి సిమెంటు ఫ్యాక్టరీ క్వార్టర్సులో పెసరట్టు తింటూ తిరుపతిరావు ఆనాటి పథకాన్ని మరోసారి నెమరేసుకున్నాడు. ఎండీ రత్తయ్య గారు వస్తారు. ఆయన కళ్ళముందే కొత్త కంప్యూటరు సిమెంటు లారీల చలాన్లు కొడుతుంది. అంతా సవ్యంగా జరిగితే తిరుపతిరావు ఆ కంప్యూటరున్న ఏసీ గదిలోనే ఉండిపోతాడు. లేకపోతే మళ్ళీ సున్నపురాయి క్వారీలో కాటా దగ్గరికి పోవాలి. అక్కడి దుమ్ముకి అతని దగ్గు కూడా తెల్లబడిందని భార్య భారతీదేవి అంటూంటుంది.

చేయవలసిన పని చిన్నదే. యంత్రం బిగించిన హైదరాబాదు ఇంజనీరు ఒక సెట్టింగుల ఫైలు రాసిపెట్టి వెళ్ళాడు. ఒక్కో వరుసలో ఒక పేరు, పక్కన ఈక్వల్టూ గుర్తు, ఆ పక్కన దాని విలువ. ప్రోగ్రాము ముందు ఆ ఫైలు చదువుకుని, తర్వాత చలాను కొడుతుంది. "గుర్తుకి కుడిపక్కది మార్చుకోండి, ఎడమపక్కది ముట్టుకోకండి" అన్నదొక్కటే ఇంజనీరు చెప్పిన జాగ్రత్త.

ఆ ఫైలు అచ్చుకాగితం భారతీదేవి చేతిలో పడింది. ఆమె డిగ్రీ చదివిన మనిషి, కాగితం కనబడితే చదవకుండా ఉండలేదు.

"ఇదేంటండీ, ఎండీ అని రాసి పక్కన ఉత్త రత్తయ్య అనుంది? పాలేర్ని పిలిచినట్టు?"

"మిషనుకి మర్యాదలేంటే?"

"మిషనుకి అక్కర్లేదు. చలాను మీద పడ్డాక చూసేది ఆయనేగా."

తిరుపతిరావు సగం పెసరట్టు వదిలేసి లేచాడు.

ఆఫీసుకి వెళ్ళగానే ఆ వరుసలో ఇంగ్లీషు అక్షరాలతో 'శ్రీ రత్తయ్య గారు' అని మార్చి ప్రోగ్రాము నడిపాడు. చలాను రాలేదు. తెర మీద ఒకే ముక్క పడింది: 'రత్తయ్య: నాట్ ఫౌండ్.'

ఏసీ చల్లదనం కోసం లోపలికొచ్చిన జీపు డ్రైవరు బుడే సాహెబ్ దాన్ని కూడబలుక్కుని చదివాడు.

"ఎండీ గారు కనపడట్లేదా సార్?"

"నేను కాదయ్యా, ఇది అంటోంది."

"దీనికెట్టా తెలిసింది?"

"అదే నాకూ అంతుపట్టట్లా."

బుడే సాహెబ్ అంతవరకూ వినలేదు. మేనేజరు జగన్నాథరావు గదిలోకి పరిగెత్తాడు. మేనేజరు నందిగామకి ఫోను చేశాడు. రాత్రి ఎండీ అక్కడ చుట్టాలింట్లో దిగారు. "తెల్లారగానే కార్లో బయల్దేరారండీ" అన్నారు వాళ్ళు. మరి ఈపాటికి రావాలి. జీపులు నాలుగు దిక్కులా వెళ్ళాయి. స్వాగతానికి తెచ్చిన బంతిపూల దండ ఏం చెయ్యమంటారని ఎవరో అడిగితే, "ఉంచండి, ఎటూ పనికొస్తుంది" అన్నాడు మేనేజరు.

చలాను లేనిదే లారీ గేటు దాటదు. కొత్త చలాన్ల కోసం తెల్లారినుంచే ఆపేసిన లారీలతో ఫ్యాక్టరీ రోడ్డు నిండిపోయి, వరుస హైదరాబాదు రోడ్డు మీదికి కూడా పాకింది. హారన్లు చెవులు చిల్లులు పొడుస్తున్నా తిరుపతిరావుని వేరే సందేహం పట్టుకుంది. మూడు మాటలు రాస్తే మధ్యలోదే ఎందుకు దొరకలేదు? 'గారు' తీసేశాడు. రత్తయ్య అప్పటికీ దొరకలేదు. 'గారు' మళ్ళీ పెట్టి 'శ్రీ' తీసేశాడు. ఈసారి 'గారు: నాట్ ఫౌండ్' అంది.

అతను కుర్చీ ముందుకి లాక్కున్నాడు. సంగతి అర్థమైంది. గుర్తు పక్కన మొదటి మాటనే అది విలువగా తీసుకుంటోంది. ఖాళీ వదిలి రాసిన రెండో మాటని తనకి పురమాయించిన పని అనుకుంటోంది. రత్తయ్య అనే పని దానికి రాదు. రెండు మర్యాదలూ పీకేసేసరికి, ఉత్త రత్తయ్య పేరుతో చలాను గరగరమంటూ బయటికొచ్చింది.

సరిగ్గా అప్పుడే గేటు దగ్గర, తలనుంచి బూట్లదాకా దుమ్ముకొట్టుకుపోయిన ఒక పెద్దమనిషి వాచ్‌మన్ ఆశీర్వాదంతో వాదిస్తున్నాడు. కారు లారీల వెనక ఇరుక్కుపోతే దిగి నడిచొచ్చాడాయన.

"ఇవాళ కుదరదండి. ఎండీ గారు తప్పిపోయారు. దొరికిందాకా ఎవర్నీ పంపొద్దన్నారు."

"నేనేనయ్యా ఆయన్ని."

"ఆయన కార్లో వస్తారండి."

చివరికి జాడ తెలియక తిరిగొచ్చిన బుడే సాహెబ్ గుర్తుపట్టి ఆయన్ని లోపలికి తెచ్చాడు. మేనేజరు వేలు తిరుపతిరావు వైపు తిరిగింది. అతను చలాను వీపు వెనక దాచుకోబోతే రత్తయ్య గారు లాక్కుని చదివారు.

"నా పేరుకి ముందూ వెనకా ఏం లేవేం?"

"పెట్టా సార్. దానివల్లే తమరు తప్పిపోయారు."

సంగతంతా విని ఆయన కుర్చీలో కూర్చున్నారు. స్వయంగా 'శ్రీ' తగిలించి చూశారు. తీసి చూశారు. మళ్ళీ తగిలించారు. కనబడకుండా పోవడం, తిరిగి దొరకడం ఆయనకి నచ్చినట్టే ఉంది.

"గారు అన్నవాడు నన్ను గేటు బయట నిలబెట్టాడు. పేరుపెట్టి పిలిచిన ఇది లారీలు కదిలిస్తోంది. దీన్ని ఇట్టాగే ఉండనీ. నువ్వూ ఇక్కడే ఉండు" అన్నారు. తర్వాత ఆయన చూపు బల్ల మీది దండ మీద పడింది. ఎందుకుంచారో తెలుసుకుని, కొన్నాళ్ళు కాటా దగ్గర గాలి పీల్చి రమ్మని మేనేజరుకి చెప్పారు.

ఇంటికొచ్చి తిరుపతిరావు ఈ కథంతా చెబితే భారతీదేవి ఆసక్తిగా వింది. "అయితే మర్యాద తీసేస్తేనే పని జరుగుద్దన్నమాట."

"మిషన్లకేలే" అని అతను పేపరు తెరిచాడు.

పెళ్ళయిన నాటినుంచీ "ఏవండీ" అంటే పేపరు వెనకనుంచి 'ఊఁ' అని మాత్రమే వచ్చేది. ఆ సాయంత్రం అటక మీంచి బియ్యం డబ్బా దించాల్సి వచ్చింది. వంటింట్లోంచి "తిరుపతిరావ్" అని వినిపించింది.

అతను మొదటి పిలుపుకే లేచి వెళ్ళాడు.