ఐదేళ్లకు ఐదు కోట్లు

"ఇవాళ లూపు చేస్తున్నానండీ," అంది ఇల్లాలు కంప్యూటరు ముందు కూర్చుంటూ.

"పొద్దున్నే సూపెందుకే? టీ చాలు," అన్నాడు లాండ్రీలో ఇస్త్రీ చేసే భర్త.

"సూపు కాదు, లూపు! ఒకే పని మళ్లీ మళ్లీ చేయించడం."

"ఓస్, అదా! పెళ్లయినప్పటి నుంచీ నేను అందులోనే ఉన్నాగా."

యాభయ్యో ఏట ప్రోగ్రామింగు మొదలుపెట్టిన ఆవిడకు గురువు సొంత కూతురే. ఆనాటి అభ్యాసం: వెయ్యి రూపాయలు, ఎనిమిది శాతం చక్రవడ్డీ, ఐదేళ్లు. ఆవిడ లూపు రాసి, మీట నొక్కి, టీ పెట్టడానికి వెళ్లింది. భర్త తెర వంక తొంగిచూశాడు. ఐదో ఏటి చివర ఐదు కోట్ల తొంభై లక్షల చిల్లర!

ఇంకొకరి లెక్కయితే అనుమానించేవాడే. కానీ ఇంటి పద్దులో ఆవిడ ఏనాడూ పైసా తప్పలేదు. టీ కూడా తాగకుండా లాండ్రీకి పరుగెత్తి, యజమానురాలికి రాజీనామా చెప్పేశాడు.

"ఏమయ్యా, మతి గానీ పోయిందా?"

"మతి పోలేదు మేడమ్, గతి మారింది! వెయ్యి వేస్తే ఐదేళ్లకు ఐదు కోట్లు. మా ఆవిడ లెక్క."

"మీ ఆవిడా? మన కరెంటు బిల్లులో తప్పు పట్టింది ఆవిడేగా!" అంటూ యజమానురాలు దుకాణం మూసి, డబ్బుల సంచీ చంకన పెట్టుకుని బయల్దేరింది. బట్టల కోసం వచ్చిన దర్జీ కూడా వెంటపడ్డాడు.

ముందుగదిలో దిగిన ఈ దండును చూసి ఇల్లాలు తెల్లబోయింది. "ఉద్యోగం మానేశారా? ఎందుకండీ?"

"ఐదు కోట్లొస్తాయిగా, ఇక నీ పక్కన కూర్చుని నేనూ నేర్చుకుందామని," అన్నాడు భర్త, సిగ్గుపడుతూ.

ఈ సందడికి లోపలి నుంచి వచ్చిన కూతురు తెర చూసి నుదురు కొట్టుకుంది. "అమ్మా, ఎనిమిదిని వందతో భాగించలేదు నువ్వు! ఎనిమిది శాతానికి బదులు ఎనిమిది రెట్లు వడ్డీ పడింది. లూపు తిరిగినప్పుడల్లా సొమ్ము తొమ్మిదింతలు!" అని అందరికీ విడమరిచి చెప్పి, సరిదిద్ది మళ్లీ నడిపింది. పద్నాలుగు వందల అరవై తొమ్మిది. కోట్లు కాదు, ఉత్త రూపాయలు.

ఇల్లాలి కళ్లు చెమర్చాయి. "నాకీ చదువు వద్దు. నా మూలాన మీ ఉద్యోగం..."

"ఛ, ఊరుకో! నీ తప్పు లెక్కే నన్ను గంటసేపు కోటీశ్వరుణ్ణి చేసింది. ఒప్పు లెక్కలు చేస్తే ఇంకేం చేస్తావో!"

అందరూ యజమానురాలి వైపు తిరిగారు. ఆవిడ సంచీ వెనక్కి దాచుకుంది.

"నన్ను చూస్తారేం? రాజీనామా తీసుకోవడానికి దుకాణమంటూ ఉండాలిగా! నమ్మి బోర్డు తిప్పేసిందాన్ని నేనూ. పదవయ్యా, మళ్లీ ఇటు తిప్పుదాం."

ఆ ఉదయం నిజంగా వడ్డీతో సహా పెరిగింది ఒక్కటే, ఇస్త్రీకి ఎదురుచూస్తున్న బట్టల గుట్ట.