ఆవు బొమ్మ క్యాన్

ఆ గురువారం పొద్దున మాబున్నీసా మనసులో ఉన్నది ఒక్కటే ఆలోచన. రేపు శుక్రవారం, మొగుడు నాగూర్ వస్తాడు. అతనికి గడ్డపెరుగుతో అన్నం పెట్టాలి. గిన్నె బోర్లించినా జారని పెరుగు. కడపలో అత్తగారు మట్టి దుత్తలో తోడేసేదే, అలాంటిది.

ఇంత చిన్న కోరిక వెనక నాలుగేళ్ల కథ ఉంది. మాబున్నీసా ఖతార్ దేశంలో రయ్యాన్ అనే ఊళ్లోని ఒక విల్లాకు వంటమనిషిగా వచ్చి అంతకాలమైంది. మొగుడిని కూడా అక్కడికి రప్పించుకోవాలని యజమానిని, యజమాని భార్యను, యజమాని తల్లిని వరసపెట్టి రెండేళ్లు బతిమాలింది. మూడు నెలల కిందట వీసా వచ్చింది. యజమానికి అల్ షహానియా అవతల ఎడారిలో పశువుల దొడ్డి ఉంది. ఓడల్లో దిగిన కోడెలను కోతకు పంపేలోపు అక్కడే మేపుతారు. నాగూర్‌కు ఆ దొడ్డిలో పని. ఇద్దరిదీ ఒకే దేశం, ఒకే యజమాని. అయినా కలుసుకునేది శుక్రవారం మధ్యాహ్నం మూడు గంటలసేపు, అదీ విల్లా వెనక ప్రహరీ నీడలో. ఊళ్లోవాళ్లు చూస్తే దీన్ని కాపురం అనరు. నాలుగేళ్లు ఉత్తరాలతో నెట్టుకొచ్చిన మాబున్నీసాకు మాత్రం ఇది నిండు కాపురం.

చిక్కల్లా తోడు దగ్గర వచ్చింది. గ్లాసు అడుగున దాచిన రెండు చెంచాల తోడును ఎవరో పుణ్యాత్ములు శుభ్రంగా తోమి బోర్లించారు. అంగడి పెరుగుతో తోడేస్తే పాలు పుల్లబడతాయి గానీ పెరుగు అనిపించుకోవు. ఏం చేయాలా అని ఫ్రిజ్ తెరిచింది. కింది అరలో అయిదు లీటర్ల కొత్త తెల్ల క్యాన్ ఉంది. దాని మీద ఇంగ్లీషులో ఏదో రాసి, పక్కన ఆవు బొమ్మ వేశారు.

మాబున్నీసా అయిదో తరగతి దాకా తెలుగు బడిలో చదివింది. ఇంగ్లీషు రాకపోయినా ఆవు బొమ్మ చదవగలదు. ఈ దేశంలో పాల డబ్బా మీద ఆవు, వెన్న మీద ఆవు, చీజు మీద నవ్వే ఆవు. మూత తీసింది. తెల్లగా, చిక్కగా, కమ్మని పులుపు వాసన. వేలితో తీసి నాలుక మీద పెట్టుకుంది.

"బిస్మిల్లా! ఇంత మంచి తోడు ఇంట్లో పెట్టుకొని ఊరంతా ఎతుకుతాండానే," అనుకుని రెండు గరిటెలు తీసింది.

అది ఎవరూ ముట్టకూడని వస్తువు. దొడ్డిలోని ఫ్రిజ్ జూన్ ఎండకు చచ్చిపోతే, నాగూర్ ఆ క్యాన్‌ను విల్లా డ్రైవరు హరి చేతికిచ్చి పంపాడు. "మీ అక్కకు చెప్పు, ఎవ్వురూ దీన్ని ముట్టుకోగూడదు," అని మరీ మరీ చెప్పాడు. హరిది నిజామాబాదు పక్క ఊరు, బుద్ధిమంతుడే. క్యాన్‌ను జాగ్రత్తగా ఫ్రిజ్‌లో పెట్టాడు. అంతలో విమానాశ్రయానికి పొమ్మని కేక వినబడింది. పోయాడు. చెప్పవలసిన మాట కూడా అతనితో పాటే పోయింది.

తెల్లారేసరికి పెరుగు ఎలా తోడుకుందంటే, గరిటె గుచ్చితే నిటారుగా నిలబడింది. కానీ నాగూర్ రాలేదు. ఓడ వచ్చిందట, కొత్తగా నలభై కోడెలు దిగాయట, సెలవు లేదట.

మాబున్నీసా ఉసూరుమంటూ ఆ పెరుగు గిన్నెను యజమాని తల్లి ముందు పెట్టింది. ఆమెను ఇంట్లో అందరూ పెద్దమామా అంటారు, ఇక్కడ మామా అంటే అమ్మ. ఆరు నెలలుగా ఏది తిన్నా కడుపులో నిలవడం లేదు. లండన్ వైద్యుడి దగ్గరికి తీసుకుపోవడానికి టికెట్లు కూడా కొన్నారు. ఆమె ఒక చెంచా తిన్నది, ఆగింది, గిన్నె మొత్తం దగ్గరికి లాక్కుంది. సాయంత్రానికి "జైన్, జైన్," బాగుంది బాగుంది అంటూ పొట్ట నిమురుకుంది. మరుసటి రోజు మళ్లీ అదే కావాలంది. నాలుగో రోజుకు కర్ర పట్టుకుని తోటలో నడిచింది. వారానికి లండన్ టికెట్లు రద్దయ్యాయి.

ఈ లోపల పక్క విల్లాలో పనిచేసే అనితకు పెరుగు కబురు అందింది. ఆమెది కాకినాడ దగ్గర. గోడ మీదుగా గిన్నె చాపింది.

"అక్కా, మీ పెరుగు ఇటు దాకా వాసనొస్తందండి. కాస్త తోడు పెట్టరా, మీకు పుణ్యముంటాది."

"ఆవు బొమ్మ క్యాన్‌లో ఉంది పాప, గరిటెడు తీసిస్తా ఉండు. తిరిగి పొయ్యడం మాత్రం మరిచిపోవద్దు."

మాబున్నీసా దగ్గర ఒక నియమం ఉంది. వాళ్ల అమ్మ నేర్పింది. తోడు అడిగినవాళ్లకు లేదనకూడదు. తీసిన తోడు తిరిగి పోయకుండా ఉండకూడదు. తోడు గిన్నె అడుగు కనబడితే ఇంటికి మంచిది కాదు. అందుకని ఆ క్యాన్‌లో నుంచి ఎంత తీసినా, సాయంత్రం కొత్త పెరుగు చిలికి మూతి దాకా నింపేది. రోజూ అర లీటరు సీసాడు హరి కూడా ఎక్కడికో పట్టుకుపోతున్నాడని గమనించింది. డ్రైవర్ల క్యాంపులో తింటారు కాబోలు, పాపం ఇంటి పెరుగుకు మొహం వాచినవాళ్లు, అనుకుని ఆ అర లీటరు కూడా నింపింది.

ఇక హరి వైపు నుంచి చూస్తే అది మహిమగల క్యాన్. పది సీసాల మందు అన్నారు, పన్నెండు సీసాలు తీశాడు, తగ్గలేదు. ఫారిన్ మందు అలాగే ఉంటుందేమో అనుకుని ఊరుకున్నాడు. గల్ఫుకు వచ్చాక అర్థం కానివాటిని ప్రశ్నించడం అతను మానేశాడు.

రెండో శుక్రవారం నాగూర్ వచ్చాడు. ఆ రోజు పెద్దమామా చెల్లెళ్లు ముగ్గురు పెరుగు కోసమే వచ్చి గిన్నెలు నాకి వెళ్లారు. నాగూర్‌కు అంగడిలో సీసాల్లో అమ్మే పల్చటి మజ్జిగ, లబన్ దక్కింది.

"ఏం మే, గడ్డపెరుగు గడ్డపెరుగని కబురు పంపితివి?"

"వచ్చే వారం చూడబ్బా, నీకే మొదటి గిన్నె."

మూడో శుక్రవారం పొద్దున హరి వంటింటి వెనక తలుపు దగ్గర నిలబడి చేతులు నలుపుకున్నాడు.

"అక్కా, ఒక మాట చెప్పాలె. ఫ్రిజ్‌ల తెల్ల క్యాన్ ఉన్నది గద, అది ముట్టొద్దని నాగూరన్న చెప్పమన్నడు."

"ఎప్పుడు చెప్పినాడు?"

"పదిహేను దినాలైతుంది. యాది మర్చిన."

"దాంట్లో ఏముంది?"

"ఎడ్ల మందు. పాలల్ల పెంచిన పురుగులంట, మంచియి. రోజు సీసల పోసుకపోవుడు నా డ్యూటీ, దాణాల కలుపుడు నాగూరన్న డ్యూటీ. నిన్న ఎడ్ల డాక్టర్ సాబు ఫోన్ల అడిగిండు, ఎంత మిగిలిందని. నిండుగుందని చెప్పిన. ఇంకేంది, నాగూర్ మందు ఎయ్యలే, దొంగ లెక్క చెప్పిండు అని లొల్లి. గిట్లయితే అన్నను ఎల్లుండి ఇంటికి ఫ్లైట్ ఎక్కిస్తమన్నడు దొడ్డి మేనేజరు."

మాబున్నీసా పీట మీద కూలబడింది. నోరు మూసుకుంటే మొగుడు విమానం ఎక్కుతాడు. నోరు తెరిస్తే, యజమాని తల్లికి పదిహేను రోజులు ఎడ్ల మందు పెట్టానని చెప్పుకున్నట్టు. అప్పుడు ఇద్దరూ ఒకే విమానం ఎక్కుతారు. కలిసి ప్రయాణం చేయాలని ఆమెకు ఎప్పటి నుంచో ఉంది గానీ, ఇలా కాదు.

"డాక్టరు యాడుండాడు ఇప్పుడు?"

"వస్తుండు. క్యాన్ చూస్తడంట. నాగూరన్నను గూడ తోల్కొస్తుండు."

క్యాన్ నిండుగా ఉండటమే కదా నేరం, ఖాళీగా ఉంటే సరి, అనుకుంది మాబున్నీసా. గబగబా క్యాన్ ఎత్తి తపేలాలోకి, చెంబుల్లోకి, పిండి కలిపే బేసిన్‌లోకి వంచింది. చివరి బొట్టు జారుతుండగా తలుపు దగ్గర చెప్పుల చప్పుడైంది.

డాక్టర్ వేణుగోపాలరావు తిరుపతిలో పశువైద్యం చదివిన మనిషి. ఆయన వెనక నాగూర్ తల వంచుకుని నిలబడ్డాడు. డాక్టరు ఖాళీ క్యాన్ వైపు, తెల్లగా నిండిన పదకొండు పాత్రల వైపు చూశాడు.

"ఓహో! మొగుడు మందు వేయడు, పెళ్లాం సాక్ష్యం పారబోస్తుంది. మంచి సంసారమయ్యా నీది!"

"సార్, నా దేవుని తోడు, దినామూ ఏసినాను," అన్నాడు నాగూర్.

ఆ మాట విని మాబున్నీసా ముందుకొచ్చింది. ఆవు బొమ్మ దగ్గర మొదలుపెట్టి, గోడ మీది గిన్నె దాకా, పెద్దమామా చెల్లెళ్ల దాకా అన్నీ చెప్పేసింది. డాక్టరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"అంటే నా మందు ఈ ఇంట్లోవాళ్లు తిన్నారు. నా కోడెలు మీ పెరుగు తాగాయి."

"అవును సార్."

"ఎందుకమ్మా ఆ మందు అనుకున్నావు? ఒక చెడ్డ సూక్ష్మజీవి ఉంది. అది ఎద్దు కడుపులో ఉంటే ఎద్దుకేమీ కాదు, హాయిగా నెమరేస్తుంది. పేడలో బయటికొచ్చి తోలుకు అంటుతుంది, కోసేటప్పుడు మాంసానికి పాకుతుంది. ఆ మాంసం సరిగా ఉడక్కపోతే తిన్నవాడు ఆసుపత్రిలో పడతాడు, పసిపిల్లలైతే ప్రాణానికే ముప్పు. అందుకని కోతకు ముందే, కడుపులోనే మంచివాటిని నింపి చెడ్డదాన్ని గెంటేయాలి."

"పాలల్లో మంచి తోడు పడితే చెడ్డది చేరదు. అంతే కదా సార్?"

డాక్టరు కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. "దాన్ని అర్థం చేసుకోడానికి నాకు ఆరేళ్లు పట్టిందమ్మా," అన్నాడు.

అప్పుడు నాగూర్ మెల్లగా గుర్తుచేశాడు. "సార్, పేడ పరీక్ష కాగితం పొద్దున చేతికిచ్చినారు కదా. చూడనే లేదు మీరు."

మందే వేయని ఎద్దుల పేడలో చూసేదేముందని డాక్టరు ఆ కవరును విప్పకుండా జేబులో వేసుకున్నాడు. ఇప్పుడు చింపాడు. చదివాడు. తిరగేసి మళ్లీ చదివాడు. ఓడ దిగిన రోజు నలభైలో ఇరవై రెండు కోడెల పేడలో చెడ్డది ఉంది. ఇప్పుడు అయిదింటిలోనే ఉంది. పైగా ఆయన పంపిన మంచి సూక్ష్మజీవి అన్నింటిలోనూ బతికే ఉంది. పెరుగులో పెరుగు, దానిలో మరో పెరుగు, వంశం తెగకుండా దొడ్డి దాకా చేరింది.

అంతలో కర్ర చప్పుడు వినిపించింది. గొడవ విని పెద్దమామా వంటింటి గుమ్మంలోకి వచ్చింది. ఏమైందని అడిగింది. అందరూ హరి వైపు చూశారు, అరబ్బీ బాగా వచ్చినది అతనికే. హరి ఎంత మెత్తగా చెప్పవచ్చో అంత మెత్తగా చెప్పాడు. ఎద్దులకు, పెద్దమామాకు ఇన్నాళ్లూ ఒకే క్యాన్‌లోది పెట్టారని.

ఆమె ముఖం ఎర్రబడింది. కర్ర నేలకేసి కొట్టి పెద్దగా అరిచింది. మాబున్నీసా కళ్లు మూసుకుంది.

"ఏమంటాందబ్బా?"

"నా పెరుగు ఎడ్లకు పోసుడేందని అడుగుతుంది అక్కా."

పెద్దమామా అక్కడే తీర్పు చెప్పేసింది. మొదట తనకు, తన చెల్లెళ్లకు. తర్వాతే ఎద్దులు. డాక్టరు చేతులు జోడించి ఒప్పుకున్నాడు. ఆయనకు వేరే బెంగ పట్టుకుంది.

"ఇది మందు వల్ల తగ్గిందో, మీ పెరుగు వల్లనో, నాగూర్ దొడ్డి ఊడ్చి పొడిగా పెట్టినందువల్లనో తేల్చలేం. మొదటి నుంచీ మళ్లీ చెయ్యాలి. మూడు నెలలు ఒక్కటీ మారకూడదు. అదే తోడు, అదే చీపురు, అదే మనిషి. మేనేజరుతో నేను మాట్లాడతాను." గొంతు తగ్గించాడు. "ఒక గ్లాసుడు తోడు ఇస్తావా అమ్మా? నా దగ్గర చుక్క లేదు."

"ఇస్తా సార్. తిరిగి పొయ్యాల మళ్ల."

తపేలా పెద్దమామా గదికి వెళ్లింది. బేసిన్, చెంబులు హరి బండిలో దొడ్డికి వెళ్లాయి. గ్లాసు డాక్టరు వెంట వెళ్లింది. చివరి గిన్నె కోసం అనిత గోడ మీదుగా చెయ్యి చాపింది, లేదనకూడదు కదా.

ప్రహరీ నీడలో నాగూర్ పళ్లెం ముందు కూర్చున్నాడు, ఆ శుక్రవారం కూడా అంగడి లబనే పోసుకున్నాడు.