ఎర్ర చుక్క లేని బోర్డు

ద్వాలి చింతపండు గింజలు తీస్తూనే లాప్‌టాప్ మీద ఒక కన్ను వేసి ఉంచింది. ఖానాపురం హవేలి ఊళ్లోని కవిత అక్క ఇంట్లో కూర్చుని ఆమె అడవి పల్లెల ఇంటర్నెట్ లైన్లకు కాపలా కాస్తుంది. తెర మీది బోర్డులో రెండు వందల పదహారు పల్లెలు, అన్నీ పచ్చ చుక్కలే. ఇంతటి ఆరోగ్యవంతమైన నెట్‌వర్క్ మరెక్కడా లేదని కంపెనీ రోజూ ఉదయం వాట్సాప్‌లో సవినయంగా ప్రకటిస్తుంది.

చండ్రుగొండ అవతల ఉన్న ద్వాలి వాళ్ల తండాలో మాత్రం మూడు రోజులుగా లైను లేదు. అక్కడ సోని వదినకు నెలలు నిండాయి. అంబులెన్సును పిలవాలంటే ఆ లైనే దిక్కు. ఈ అల్పవిషయం బోర్డు దృష్టికి రాలేదు.

ద్వాలి ఓపిగ్గా వెతికింది. నిఘా ప్రోగ్రాం ఒక పల్లెను పలకరించిన ప్రతిసారీ ఫైల్ డిస్క్రిప్టర్ అనే చీటీ తీసుకుంటుంది. జవాబు వస్తే తిరిగిస్తుంది, రాకపోతే అట్టే పెట్టుకుంటుంది. ఉన్నవే వెయ్యిన్ని ఇరవై నాలుగు. గంటసేపు జవాబు రాకుంటేనే ఎర్ర చుక్క పెట్టాలని నియమం. చీటీలు అరగంటకే అయిపోతాయి. అక్కడితో ప్రోగ్రాం కొయ్యబారి, పచ్చరంగు చూపిస్తూ కూర్చుంటుంది. పొద్దున్నే దాన్ని ఆపి మళ్లీ లేపుతారు. మళ్లీ అంతా పచ్చనే.

తిరిగిరాని చీటీల మీద ఉన్నవి పద్దెనిమిది పల్లెల చిరునామాలు. ద్వాలి ప్రోగ్రాంలో ఒక్క వరుస కోడు రాసి, మేనేజర్ ప్రభాకర్‌కు వీడియో కాల్‌లో చూపింది.

"ఇగ చీటీలు వాపస్ ఇస్తది సార్. పద్దెనిమిది ఎర్ర చుక్కలు వస్తయ్."

"ఏందమ్మా, ఒక్క రోగం తీయమంటే పద్దెనిమిది పట్టుకొస్తివి?"

"అవి ఉన్నయే సార్. మా తండా గూడ అండ్లనే ఉంది."

"అవ్, ఉంటయ్. బోర్డు మీద ఎందుకుండాలె అంటున్న."

ఆ సాయంత్రమే నిపుణుల సంఘం కూర్చుంది. జవాబివ్వని పల్లెలే చీటీలు మింగుతున్నందున, వాటిని జాబితా నుంచి తొలగించడమే శాస్త్రీయమని తీర్మానించింది. తొలగించారు. చీటీల లీకు ఆగింది. "సమస్యను మూలం నుంచి పెకలించడంలో మన ద్వాలి చూపిన చొరవ భావితరాలకు ఆదర్శం" అని ప్రభాకర్ ప్రసంగించాడు. మర్నాడు పొద్దున ప్రశంసాపత్రం వచ్చింది.

దానికి గోడ మీద చోటు చూస్తూ కవిత అక్క అడిగింది: "మొఖం గట్ల పెట్టినవేందే?"

"వదిన ఫోన్ ఇంకా కలుస్తలేదక్కా."

"తండా పేరే బోర్డు మీద లేదంటివి. ఇగ ఏం రంధి? కష్టమున్నోళ్ల పేర్లకే గద అండ్ల ఎర్ర చుక్క పడేది."

ద్వాలి చెప్పులు తొడుక్కుని, తండాకు పోయే బస్సు కోసం గడప దాటింది.