జాగ్రెబ్ నంబరు బండి

ఆ ఆదివారం యెర్కో వేసుకున్న పథకం చాలా చిన్నది. గడ్డం గీసుకోవాలి, కాఫీ తాగాలి, కొత్త కోటు తొడుక్కొని బయల్దేరాలి. పదకొండింటికి కొండమీద అత్తవారి ఊరి చర్చిలో బావమరిది బోజో కొడుకు బాప్తిస్మంలో జ్ఞానతండ్రిగా నిలబడాలి. దారి అరగంట కూడా పట్టదు. ఇందులో తలకిందులు కావడానికి ఏముందని ఎవరికైనా అనిపిస్తుంది.

యెర్కోకి సముద్రం ఒడ్డున సెలూను ఉంది. దాని అద్దాల కిటికీ సరిగ్గా పెద్దరోడ్డు మీదికి తెరుచుకుంటుంది. గడ్డాలు గీస్తూ వచ్చేపోయే బండ్ల నంబర్ల మొదట ఉండే ఊరి అక్షరాలు చదవడం, చదివి తీర్పు చెప్పడం ఆయనకు నిత్యకృత్యం. "ఎస్‌టి అంటే స్ప్లిట్. మనవాళ్ళు, మేలిమి బంగారం. జెడ్‌డి అంటే జాదర్. తెలివి తక్కువే కానీ చెడ్డవాళ్ళు కాదు. డియు అంటే దుబ్రోవ్నిక్. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత. ఇక జెడ్‌జి..." అనేసరికి కత్తి గాల్లోకి లేచేది, కుర్చీలో కూర్చున్నవాడు ఊపిరి బిగబట్టేవాడు. "జెడ్‌జి అంటే జాగ్రెబ్. ఆ నంబరు చూశాక మొహం చూడక్కర్లేదు. రాజధాని నుంచి వస్తారు, నీడలో మన చోటు ఆక్రమిస్తారు, చేప తాజాదేనా అని మనల్నే అడుగుతారు! దారి అడిగితే పాత రాళ్ళ క్వారీ వైపు చూపించండి. చూసి తరిస్తారు." చుట్టుపక్కల పది ఊళ్ళకీ ఈ మాట పాకి, చివరికి ఆచారంగా స్థిరపడింది.

దేవుడు ఊరుకుంటాడా? ఆ వారంలోనే యెర్కో పాత బండి నడిరోడ్డు మీద ప్రాణం విడిచింది. మేనల్లుడు ఎక్కడో వెతికి, ముచ్చటైన పాత కారొకటి కుదిర్చి, శనివారం సాయంత్రం తెచ్చి వాకిట్లో పెట్టాడు. కారు జాగ్రెబ్‌ది. నంబరు మార్చే ఆఫీసేమో శని ఆదివారాలు మూత. యెర్కో ఆ బండిని పెరట్లోకి తోసి, పడవమీద కప్పే పట్టా కప్పేశాడు. భార్య తోంకా వంటపనులకని రెండు రోజుల ముందే పుట్టింటికి వెళ్ళిపోయింది. ఫోన్లో ఆమెకు చెబుదామంటే నోరు రాలేదు. పైగా అక్కడ ష్పీరో ఉన్నాడు. ష్పీరో తోంకాకి పినతండ్రి కొడుకు. "ఏటేటా బోజో ద్రాక్షతోట కోతకి నడుం విరగ్గొట్టుకునేది నేను, జ్ఞానతండ్రి మాత్రం ఆ గడ్డాలు గీసేవాడా?" అని ఊరంతా చెప్పుకొని తిరుగుతున్నాడు. యెర్కో ఒక్క అడుగు తడబడితే చాలు, ఆ స్థానంలోకి దూకడానికి సిద్ధంగా ఉన్నాడు.

అందుకే యెర్కో నల్లకళ్ళద్దాలు పెట్టుకొని, టోపీ కళ్ళమీదికి లాక్కొని, దొంగలా ఊరు దాటాడు. తీరా చూస్తే కొండదారిని నీళ్ళగొట్టాల కోసం తవ్విపోశారు. చుట్టుదారి చూపే బోర్డులు కూడా పీకేశారు, ఆ దారులు యెర్కో ఎన్నడూ తొక్కినవి కావు. మలుపు దగ్గర ఒక ముసలాయన అత్తిపళ్ళు అమ్ముతున్నాడు. ఆయన తల అద్దంలా నున్నగా ఉంది కనుక సెలూనుకి వచ్చే అవసరం ఎన్నడూ పడలేదు.

"తాతా, పైఊరి చర్చికి ఎటు పోవాలి?"

తాత ముందు నంబరు ప్లేటు చూశాడు, తర్వాత ఆకాశం చూశాడు. "ఎడంపక్కకి తిప్పు నాయనా. కళ్ళుమూసుకొని పో. తిన్నగా చర్చి గుమ్మంలో తేల్తావు."

తేలింది క్వారీలో. ఎదురుగా తెల్లటి రాతిగోడ, కింద గుంట, గుంట ఒడ్డున ఒక మేక. "ఓరి నీ బోడిగుండు పగల!" అంటూ యెర్కో బండి వెనక్కి తిప్పాడు. ఆ కంగారులో, పెద్దరోడ్డు ఇంకా నాలుగు బారల దూరంలో ఉండగా, ముందుచక్రం గోతిలో దిగబడింది. దిగి తోశాడు. బండి కదల్లేదు కానీ సున్నపురాతి దుమ్ము లేచి, కోటూ మీసమూ మొహమూ ఏకమై పిండిబస్తాలా తయారయ్యాడు.

అప్పుడే ఒక రైతు ట్రాక్టరు మీద వచ్చాడు. యెర్కోకి ప్రాణం లేచివచ్చింది. "అన్నా, కాస్త తాడేసి లాగవూ! నేను ఈ పక్కవాణ్ణే!"

రైతు తీరిగ్గా ఇంజను ఆపాడు. "జాగ్రెబ్ వాళ్ళందరూ ఈ పక్కవాళ్ళే నాయనా, గోతిలో పడ్డాక."

"అబ్బ, యాస వినపడట్లా? నాది ఇక్కడి యాసేగా!"

"మూడు వేసవులు ఇక్కడ గడిపితే చిలక్కీ వస్తుంది. మా యాసలో తిట్టి మరీ చేపలు బేరమాడినోణ్ణి చూశా నేను. కింద సెలూను యెర్కో ఎప్పుడో చెప్పాడు, మీ మాట నమ్మొద్దని."

"ఆ యెర్కోని నేనేనయ్యా!"

రైతు కడుపు పట్టుకొని నవ్వాడు. "వాడా? వాడు చావనైనా చస్తాడు గానీ జాగ్రెబ్ బండెక్కుతాడా?" అని ట్రాక్టరు పోనిచ్చాడు. తన పేరుకి ఇంత పరపతి ఉన్నందుకు సంతోషించాలో ఏడవాలో యెర్కోకి తెలియలేదు.

ఫోను మోగింది. తోంకా. "ఎక్కడ తగలడ్డావు? ఫాదర్‌కి ఇంకో ఊళ్ళో పూజ ఉందట, ఒక్క నిమిషం కూడా ఆగనంటున్నాడు!"

"క్వారీ దారి మొదట్లో... బండి గోతిలో... ఎవరినైనా పంపు!"

"ష్పీరోని పంపుతున్నా, నువ్వు కదలకు!" అని పెట్టేసింది. బండి మారిందని చెప్పేలోపు పాటలు మొదలైనట్టున్నాయి, మళ్ళీ చేస్తే ఫోను పలకలేదు.

కాసేపటికి ష్పీరో రానే వచ్చాడు. బావ పాత తెల్లకారు కోసం రోడ్డంతా కలియజూశాడు. కనిపించింది జెడ్‌జి నంబరు బండి, దాని పక్కన చేతులూపుతూ గంతులేస్తున్న ఒక తెల్లటి ఆకారం. నంబరు చూశాక మొహం చూడ్డం ఎందుకని హారను గట్టిగా మోగించి ముందుకెళ్ళాడు. కొంతదూరం పోయి, తిరిగి వస్తూ ఇంకోసారి మోగించాడు. "ఒరేయ్ ష్పీరో! నేన్రా!" అన్న కేక దుమ్ములో కలిసిపోయింది.

యెర్కో గోతి గట్టుమీద కూలబడ్డాడు. కన్నీళ్ళు వచ్చేశాయి. పిల్లల్లేని తనకి బోజో పిలిచి ఇచ్చిన గౌరవం ఇది. పసివాడు పుట్టిన రోజునుంచి ఎవరూ చూడకుండా, వాణ్ణి ఎత్తుకున్నట్టు తలగడ ఎత్తుకొని సాధన చేశాడు. ఇప్పుడు వాణ్ణి ష్పీరో చేతుల్లో చూడాలి.

అప్పుడు ఒక కారు ఆగింది. ఎస్‌టి నంబరు! తలుపు తెరిచి ఒకామె "రండి" అంది. యెర్కో తన బండిలోంచి, జ్ఞానతండ్రి పట్టుకోవాల్సిన కొవ్వొత్తి తీసుకొని ఒక్క గెంతులో ఎక్కాడు.

"అదీ! మనవాళ్ళంటే మనవాళ్ళే! నంబరు చూడగానే అనుకున్నా, ఇది ఆగుతుందని!" అని మొదలుపెట్టి ఇక ఆపలేదు. ఆమెను ఒక్క మాట మాట్లాడనిస్తే యాస వినిపించేది, కానీ ఆ అవకాశం ఇస్తేగా! "చూడండమ్మా, మా వాడికి జ్ఞానతల్లి కూడా జాగ్రెబ్ పిల్లేనట. మా బావమరిది భార్య స్నేహితురాలు. వస్తుందంటారా? వచ్చినా ఎత్తుమడమల చెప్పులేసుకొని వచ్చి బిడ్డని నీళ్ళతొట్టిలో పడేస్తుంది!"

ఆమె తన కాళ్ళకేసి ఒకసారి చూసుకొని, "అలాగా" అంది.

చర్చిలో ష్పీరో అప్పటికే ముందువరసలో అరువు కొవ్వొత్తితో నిలబడ్డాడు. "రోడ్డంతా చూశా ఫాదర్, బావ లేడు. ఎవడో జాగ్రెబ్ వాడు మాత్రం ఎగురుతున్నాడు. ఇక నేనే కానిస్తా," అంటున్నాడు. తలుపు తోసుకొని తెల్లటి ఆకారం లోపలికి వచ్చింది.

"చర్చి చూడ్డానికి వచ్చినవాళ్ళు వెనక కూర్చోవాలి బాబూ," అన్నాడు ఫాదర్.

"వీడే ఫాదర్, ఆ జాగ్రెబ్ వాడు!" అన్నాడు ష్పీరో.

"మరియ తల్లీ! మా ఆయన!" అంది తోంకా.

వెనకే వచ్చిన ఆమెను చూసి బోజో భార్య పరుగెత్తుకెళ్ళి కావలించుకుంది. "దుబ్రావ్కా! వచ్చేశావా! ఫాదర్, జ్ఞానతల్లి వచ్చింది!"

యెర్కో పక్కనున్న బెంచీ పట్టుకున్నాడు.

"విమానం దిగి ఇక్కడి స్నేహితురాలి కారు తెచ్చుకున్నా," అంది దుబ్రావ్కా. "దారిలో మా ఊరి నంబరు గోతిలో కనిపించింది. పాపం, మావాడెవడో, ఇక్కడ ఎవరూ ఆపరులే అని ఆపాను. ఎక్కాక తెలిసింది, మావాడు కాదని. దారంతా మా గురించే చెప్పారు."

యెర్కో దుమ్ము కిందినుంచి కూడా ఎర్రబడ్డాడు. "తప్పయిపోయిందమ్మా," అన్నాడు, నేల చూస్తూ.

బోజో మెల్లగా అడిగాడు. "మరి... ఈయన్ని ఉంచాలా, ష్పీరోని పెట్టమంటావా?"

"ఈయనే ఉండాలి," అంది ఆమె. "ఎలా మాట్లాడకూడదో పిల్లాడికి నేర్పడానికి కూడా ఒకరు కావాలి కదా."

ష్పీరో కొవ్వొత్తి ఊది ఆర్పేశాడు. ఫాదర్ గడియారం చూసుకొని గబగబా మొదలుపెట్టాడు. పసివాణ్ణి యెర్కో చేతుల్లో పెట్టారు. తలగడకంటే వీడు బరువున్నాడు, వెచ్చగా ఉన్నాడు.

"సాతానును, వాడి క్రియలను విడిచిపెడుతున్నావా?"

"విడిచిపెడుతున్నాను!"

"నంబరు ప్లేట్లు కూడానా?" అంది చెవి దగ్గర దుబ్రావ్కా.

"విడిచిపెడుతున్నాను," అన్నాడు యెర్కో, ఈసారి కాస్త చిన్నగా.

ఆ మధ్యాహ్నం విందులో ఆయన నోరు తెరిచింది గొర్రెమాంసానికి మాత్రమే. మాంసం అంత బాగా కుదిరిందన్నమాట అని వంటవాళ్ళు మురిసిపోయారు.