నెల్లిమర్లలో మస్కట్ టైము

మీరంతా నన్ను పెద్దమనిషి అనుకుంటున్నారు. ఆ భ్రమ పోగొడదామనే ఈ సంగతి చెబుతున్నాను. మా ఇంట్లో కంప్యూటర్ గడియారం పాడైతే బాగుచేయించింది నేనే. బాగైనదాన్ని మళ్లీ పాడుచేసిందీ నేనే.

ఇరవై రెండేళ్లు నెల్లిమర్లలో జూట్ మిల్లు టైమాఫీసులో పనిచేశాను. పొద్దున్న ఎనిమిదింటికి సైరన్ మీట నొక్కేది ఈ చెయ్యే. ఎవరైనా రెండు నిమిషాలు ఆలస్యంగా వస్తే కార్డు మీద ఎర్రసిరాతో రాసేవాణ్ణి. అందుకే నాకు ‘రెండు నిమిషాల జగన్నాధం’ అని పేరు పెట్టారు. చాటుగా కాదు, మొహం మీదే పిలిచేవారు.

ఆ సైరన్ మోగితే మా వీధంతా ఎసట్లో బియ్యం పోసేది. సైరన్ ఉన్న ఊళ్లో గోడగడియారం దేనికని మా ఇంట్లో అది కొననే లేదు.

రెండువేల పద్నాలుగులో మిల్లుకి లాకౌట్ పడింది. గేటుకి నోటీసు అంటించారు, సైరన్ ఆగిపోయింది. ఆ చప్పుడు లేని పొద్దులు నాకు ఎంత బెంగ పెట్టాయో చెప్పలేను. మా ఆవిడ దేముడమ్మకి మాత్రం వేరే చిక్కు వచ్చింది.

“మరి బియ్యం ఎప్పుడెయ్యాల, బావా?”

“నాను సెప్తాను గదా!”

“నువ్వు నిద్దరోతే ఎవులు సెప్తారు?”

అమ్మాయి రేఖ శ్రీకాకుళం హాస్టల్‌కి వెళుతూ వదిలేసిన కంప్యూటర్ ఒకటి ముందుగదిలో ఉంది. దానికో జబ్బు. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా 2002 జనవరి ఒకటో తారీఖు చూపించేది. నెట్ సెంటర్ గిరిబాబుని పిలిస్తే, లోపల బిళ్లంత బ్యాటరీ చచ్చిపోయిందని మార్చాడు. నెట్ నుంచి టైము దానంతటదే సరిచేసుకునేలా పెట్టాడు కూడా. ఆ రోజు నుంచి మా ఇంటికి అదే సైరన్ అని ప్రకటించాను. దేముడమ్మ సరేనని తలూపింది. ఆవిడ అంత తేలిగ్గా తలూపినప్పుడే నేను అనుమానించాల్సింది.

నాలుగు నెలలు గడిచాయి. మిల్లు తెరవలేదు. దేముడమ్మ అన్న ధనరాజు విశాఖ నుంచి ఫోన్ చేశాడు. ఏదో కంపెనీ గేటు దగ్గర టైమ్‌కీపర్ కావాలట. గురువారం మధ్యాహ్నం మేనేజర్ని కలవాలి, ఆ రోజు తప్పితే వేరేవాణ్ణి పెట్టేసుకుంటారు.

“తొమ్మిదింటి పాసింజర్‌కి ఎల్లిపో బావా” అంది దేముడమ్మ.

“మిల్లు తెరిస్తే?”

“తెరిస్తే తిరిగొచ్చెయ్.”

“తెరిసిన రోజు సైరన్ ఎవుడు నొక్కుతాడే?”

ఆవిడ నా తెల్లచొక్కా తీసి ఇస్త్రీ మొదలుపెట్టింది. ఇంకో ఉద్యోగంలో చేరితే మిల్లు ఇక తెరవదని నా నోటితో నేనే ఒప్పుకున్నట్టని నాకు అనిపించింది. వెళ్లనని చెప్పే ధైర్యం లేదు. రైలే నన్ను వదిలేసి వెళ్లిపోతే తప్పు రైలుది కదా!

బుధవారం కంప్యూటర్ గడియారాన్ని గంటన్నర వెనక్కి తిప్పాను. కాఫీ తాగి వచ్చేసరికి అది మళ్లీ సరైన టైము చూపిస్తోంది. మళ్లీ తిప్పాను, మళ్లీ సరిచేసుకుంది. ఇంత నిజాయితీపరుణ్ణి మా మిల్లులో కూడా చూడలేదు. గిరిబాబు దగ్గరికి పరుగెత్తాను.

“అంకుల్, నెట్ ఉన్నంతసేపు అది నీ మాట ఇనదు. టైము మార్చకు, ఊరు మార్చు. మస్కట్ పెట్టు. మనకన్నా గంటన్నర ఎనకుంటాది. అయినా నీకెందుకు?”

“సుట్టాలున్నారు” అన్నాను. మస్కట్‌లో నాకు కాకి కూడా తెలియదు.

రాత్రికి రాత్రే మా ఇల్లు మస్కట్ వెళ్లిపోయింది. చేతివాచీ ట్రంకుపెట్టె అడుగున దాచాను. సెల్‌ఫోన్ చార్జింగ్ అయిపోనిచ్చాను. వాయుగుండం పట్టి మూడు రోజులుగా ముసురు, సూర్యుడు కూడా నాతో కలిసొచ్చాడు.

గురువారం పొద్దున్న ఏడుంపావుకి పక్కింటి దాలమ్మ కిటికీలోంచి తొంగిచూసింది. “టైమెంతన్నా? మా ఆయన్ని లేపాల.”

కంప్యూటర్ వైపు చూశాను. అయిదూ నలభై అయిదు. నిజం చెబితే లోపల దేముడమ్మకి వినబడుతుంది.

“ఇంకా ఆరవ్వలేదమ్మా, పడుకోనీ” అన్నాను. ఇరవై రెండేళ్లలో ఒకరికి తప్పు టైము చెప్పడం అదే మొదటిసారి.

దేముడమ్మ ఏమీ పట్టనట్టు పొయ్యి దగ్గర పనిచేసుకుంటోంది. నేను అరుగు మీద కూర్చుని ముసురు చూస్తున్నాను. కాసేపటికి లేచాను, కూర్చున్నాను. లోపల ఎసట్లో బియ్యం పడిన చప్పుడైంది. అప్పుడు కూడా నాకేమీ అర్థం కాలేదు.

ఇంతలో దాలమ్మ మొగుడు ఎర్రన్న లుంగీ ఎగగట్టి ఊడిపడ్డాడు. వాడిది స్కూలు పిల్లల్ని దింపే ఆటో.

“ఏటన్నా ఇది! పిల్లలు ఎనిమిది మంది ముసుర్లో నిలబడిపోనారు! ఆల్ల అమ్మలు ఫోన్లో నన్ను తినేస్తన్నారు! ఎనిమిదిన్నరయిపోనాది, నువ్వు ఆరవ్వలేదంటావేటి!”

నేను నోరు తెరిచేలోగా దేముడమ్మ అన్నం క్యారేజీ, ఇస్త్రీ చొక్కా పట్టుకుని బయటికొచ్చింది.

“తమ్ముడూ, పిల్లల్ని దింపేసి, అదే దారిని మీ అన్నని టేసన్లో పడెయ్. పాసింజర్‌కి ఇంకా అరగంటున్నాది.”

“నీకెలా తెలిసిందే?” అన్నాను.

“ఎనిమిదింటికి సైరనయ్యింది గదా.”

“ఏ సైరను?”

“నువ్వే. మిల్లు మూసిన కాడ్నించీ రోజూ సూస్తన్నాను. ఎనిమిదయితే సాలు, అరుగు మీంచి లేస్తావు, గేటు కేసి సూస్తావు, మీట నొక్కినట్టు సెయ్యెత్తి దించుతావు. నీకే తెల్దు. నాను అప్పుడే బియ్యం ఏస్తన్నాను. ఆ కంప్యూటర్ని ఎవులు సూసినారు? నీ ముచ్చట కాదనలేక ఊరుకున్నాను.”

నా కుడిచెయ్యి వైపు చూసుకున్నాను. దాని మీద నాకు చాలా కోపం వచ్చింది. తర్వాత కళ్లలో నీళ్లొచ్చాయి. ఆవిడ చూసీ చూడనట్టు చొక్కా నా భుజం మీద వేసింది.

ఎనిమిది మంది పిల్లల మధ్య ఆటోలో ఇరుక్కుని, స్కూలు దగ్గర ఎర్రన్నకి పడిన తిట్లలో వాటా తిని రైలెక్కాను. ఉద్యోగం వచ్చింది. మిల్లు అప్పటికీ తెరవలేదు.

నేనొక్కణ్ణే విశాఖకి మకాం మార్చే ముందురోజు కంప్యూటర్ని మస్కట్ నుంచి వెనక్కి తెచ్చాను. సైరన్ వెళ్లిపోతోంది, మరి ఆవిడకి ఏదో ఒకటి ఉండాలి కదా.

ఇప్పుడు రోజూ ఇక్కడి నుంచి ఎనిమిదింటికి ఫోన్ చేసి, “ఒసే, సైరనయ్యింది, బియ్యం పడెయ్” అంటాను. నిన్న గేటు దగ్గర లారీ అడ్డం పడి కాస్త అటూ ఇటూ అయింది.

“ఎప్పుడో పడేసినాను” అంది దేముడమ్మ. “కంప్యూటర్ సూసినాను. రెండు నిమిషాలు లేటు, బావా.”