అన్నపూర్ణమ్మ అడిగిన చాపలు

ఆ ఉదయం అన్నపూర్ణమ్మ తలపెట్టిన పనులు రెండే. మధ్యాహ్నానికి రాజమండ్రి నుంచి పెళ్ళిచూపులకు వచ్చేవారికి ఇల్లు సిద్ధం చేయడం. వాళ్ళు తిరిగి పడవెక్కేదాకా ఆడపడుచు వరలక్ష్మి నోట "ఏంది" అన్న మాట రాకుండా చూడడం. మొదటిది తేలికనుకుంది.

బస్తర్ సంస్థానంలో శబరి ఒడ్డునున్న కోంటాకు, ఉప్పు షావుకారు ధర్మయ్య భార్యగా ఆమె గోదావరి జిల్లా నుంచి నిరుడే వచ్చింది. ధర్మయ్య చెల్లెలు వరలక్ష్మి ఇక్కడే పుట్టి పెరిగింది. సంతలో హల్బీ, వాకిట్లో దోర్లీ, సర్కారు మున్షీ వస్తే హిందీ, దేంట్లోనైనా బేరమాడగలదు. వదినకు అది లోలోపల అబ్బురమే. తెలుగు దగ్గరే చిక్కు. నోరు విప్పితే చాలు, ఏ ఊరి పిల్లో తెలిసిపోతుంది.

"'ఏమిటండీ' అను."

"ఏమిటండీ."

"ఆఁ, బాగుంది."

"ఇంకేంది వదినా?"

అన్నపూర్ణమ్మ తల పట్టుకుంది. ఇంతలో అటక మీది చాపలు దింపి చూస్తే చెదలు తినేసి ఉన్నాయి. ఆ ఇంటికి ఆకులూ చీపుళ్ళూ తెచ్చిచ్చే కోసి అనే మనిషి అప్పుడే సంతకు పోతూ కనిపించింది.

"కోసీ, చుట్టాలొస్తున్నారు. చాపలు కావాలి, మంచివి."

కోసి తెల్లబోయింది. "చాపలా? మీ ఇంటికా?"

"ఏం, మా ఇంటికి చుట్టాలు రాకూడదా?"

"అట్ల కాదమ్మా... పెద్దయా, చిన్నయా?"

"పెద్దవే. తడివి తేకు, కంపు కొడతాయి. బాగా ఎండినవి తే. పెద్దమనుషులకు వేయాలి."

రాజమండ్రిలో చాప అంటే పరుచుకునేది. కోసి ఎరిగిన తెలుగులో చాప అంటే శబరిలో ఈదేది. ధర్మయ్య ఇంట్లో నీసు ఊసే ఎత్తరు కనుక, ఈ తేడా అన్నపూర్ణమ్మ చెవిన పడే అవకాశమే రాలేదు.

షావుకారింటికి ఎండుచేపలు కావాలని కోసి సంతంతా తిరిగి అడిగింది. ఆ వార్త కులపెద్ద ఉప్పలయ్యకు చేరింది. ఆయన చేతికర్ర పుచ్చుకుని తిన్నగా ధర్మయ్య దుకాణానికి వచ్చాడు.

"ఏంది ధర్మయ్యా, మొదలుపెట్టినవంట?"

పెళ్ళి మాటలనుకున్నాడు ధర్మయ్య. "అవును బాబాయ్, అన్నపూర్ణే పట్టుబట్టింది. నువ్వు గూడ రావాలె."

"నేను గూడనా!"

"నువ్వు లేకుంటే మాకు ముద్ద దిగుతదా?"

ఉప్పలయ్య కళ్ళారా చూసి తేల్చాలని ధర్మయ్య వెనకే ఇంటికి నడిచాడు.

అక్కడ పెళ్ళికొడుకు తల్లిదండ్రులు అప్పటికే దిగారు. తండ్రి పేరు శ్రీరంగం, బియ్యం వర్తకుడు, మితభాషి. తల్లి మాణిక్యమ్మ "చిత్తమండీ, అలాగేనండీ" అని తూచినట్టు మాట్లాడుతోంది. పుట్టింటి మాట విన్నట్టై అన్నపూర్ణమ్మ మురిసిపోయింది.

"చాపలు వచ్చేస్తున్నాయండీ, కూర్చుందురుగాని."

ముందు వాసన వచ్చింది. వెనక కోసి వచ్చి, గంపెడు ఎండుచేపలు నట్టింట దించింది.

"ఇవేమిటే!"

"చాపలమ్మా."

"నేనడిగింది చాపలు!"

"ఇయ్యి చాపలే గదమ్మా!"

"విన్నవా ధర్మయ్యా!" అన్నాడు ఉప్పలయ్య ముక్కు మూసుకునే. "ఆమె నోటితోనే ఒప్పుకుంది!"

శ్రీరంగం కండువా భుజాన సర్దుకున్నాడు. ధర్మయ్య గుమ్మానికి అడ్డం వెళ్ళాడు. తప్పు తన మీదికి రాకుండా అన్నపూర్ణమ్మ కోసి మీద విరుచుకుపడింది. లోపలి గదిలోంచి వరలక్ష్మి దూసుకొచ్చింది.

"ఏంది వదినా ఇట్ల జేసినవు! మనకాడ చాపలంటే నీళ్ళల్ల ఉండేటియి. కోసి తప్పేం లేదు, దాన్ని ఏమనకు!"

సంబంధం శబరిలో కలిసిందనుకుని అన్నపూర్ణమ్మ కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి మాణిక్యమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఉంది. భుజాలు అదురుతున్నాయి. వాంతేమోనని చెంబుతో నీళ్ళు పట్టుకెళ్ళారు. కాదు, నవ్వు.

"ఓ పిల్లా, ఇటు రా. ఆ మాట మళ్ళొకసారి అను."

"ఏ మాటండీ?" అంది వరలక్ష్మి, పాఠం ఆలస్యంగా గుర్తొచ్చి.

"'మనకాడ' అంటివి చూడు, అది. నాది గూడ ఈ పక్కనే, మరైగూడ బిడ్డా! అత్తగారింటికి పోయిన మొదటి దినం, చాప మీద పండుకోమంటే, నీసు మీద ఎట్ల పండుకునుడని ఏడ్చిన. ఇల్లంత నవ్విండ్రు. అప్పటి సంది నా మాటకు తాళమేసిన."

అన్నేళ్ళు అరువు మాటలో ఒక్క తప్పు దొర్లకుండా బతికిన ఆ మనిషిని అన్నపూర్ణమ్మ కళ్ళప్పగించి చూసింది. కోసి కోసం సంబంధాన్నే లెక్కచేయని ఆడపడుచునూ చూసింది. ఈ పిల్లకా తాను మాటలు నేర్పబోయింది!

"పిల్ల మాకు నచ్చింది," అంది మాణిక్యమ్మ. "నాతోని మనసిప్పి మాట్లాడనీకె ఇంట్ల ఒక మనిషుంటది."

అంతవరకూ పెదవి విప్పని శ్రీరంగం గొంతు సవరించుకున్నాడు.

"ఇన్నాళ్ళూ మా ఇంట్లో నా మాట చెల్లేది కాదు. ఇకమీద వాళ్ళ మాట నాకు అర్థం కూడా కాదన్నమాట."