సైరన్ మోగని గంటా నలభై నిమిషాలు

1981 జనవరి ముప్పయిన, అమరవీరుల సంస్మరణ దినం నాడు, ఎల్లారెడ్డిలోని ఒకానొక ప్రభుత్వ కార్యాలయం గంటా నలభై నిమిషాలపాటు ప్రజలకు అమోఘమైన సేవ చేసింది. తెలిసి చేసిన తప్పు కాదు గనుక ఎవరినీ శిక్షించలేదు. ఆ కార్యాలయం పేరు ఇక్కడ రాయడం లేదు. పాఠకులు తమ చెప్పులు ఏ గుమ్మం ముందు అరగదీసుకున్నారో దాన్నే తలుచుకుంటే చాలు.

ఎంకవ్వ చెప్పులు మూడేళ్ళుగా ఆ గుమ్మం ముందే అరుగుతున్నాయి. ఆమె భర్త ఎల్లయ్య 1947 ఆగస్టు పదిహేనున ఊరి చావడి మీద మూడు రంగుల జెండా కట్టి, నిజాం పోలీసుల చేత మోకాలు విరగ్గొట్టించుకుని, పదకొండు నెలలు జైల్లో ఉన్నాడు. ఇన్నేళ్ళకు ఆయనకు ఒక కోరిక పుట్టింది. జెండా పండుగ నాడు సమరయోధులకు మొదటి వరుసలో కుర్చీలు వేస్తారు. ఎల్లయ్య పేరు జాబితాలో లేదు గనుక ఏటా కంచె అవతల కర్ర ఊతంతో నిలబడతాడు. "ఒక్కపారన్న కూసోని సూడాలెనే" అన్నాడు భార్యతో. ఆ ఒక్క కుర్చీ కోసమే ఎంకవ్వ తిరుగుడంతా.

కార్యాలయం ఆయన దేశభక్తిని ఏనాడూ శంకించలేదు, క్షుణ్ణంగా పరిశీలించింది. ఆగస్టు పదిహేను నాటికి దేశానికి స్వాతంత్ర్యం వచ్చేసింది కాబట్టి ఆ రోజు జెండా ఎగరేయడం పోరాటం కిందికి రాదని మొదటి ఏడు తేల్చింది. ఈ ప్రాంతానికి స్వాతంత్ర్యం మరో పదమూడు నెలలకు గానీ రాలేదు కాబట్టి ఆయన ఎగరేసింది అప్పటికి మన జెండాయే కాదని రెండో ఏడు తేల్చింది. ఈ రెండూ ఒకచోట ఇమడవని ఎవరో కనిపెట్టాక, గుమాస్తా పర్శరాములు మూడో ఏడు అన్ని సందర్భాలకూ పనికొచ్చే మాట ఒకటి ఖాయం చేసుకున్నాడు. "రేపు రా అవ్వా." జాబితాకు ఆఖరు తేదీ జనవరి ముప్పయ్యొకటి. రేపు అంటే ఇక రేపే.

ఆ ఏడాది కార్యాలయం పెద్దసారుకు మౌనం మీద భక్తి కుదిరింది. కిందటేడు రెండు నిమిషాల మౌనంలో ఇద్దరు నవ్వారనీ, ఒకరు టీ చెప్పారనీ ఆయన చాలా నొచ్చుకున్నారు. అందుకని వారం రోజులు మౌనానికి రిహార్సల్ చేయించారు. రిక్షాకు మైకు కట్టి "మౌనం! మౌనం!" అని ఊరంతా అరిపించారు. ఆ వారం బజారులో ఎవరి మాటా ఎవరికీ వినపడలేదు. కామారెడ్డిలోని ఒక రైస్ మిల్లు నుంచి కరెంటు సైరన్‌ను బస్సు మీద తెప్పించి, దండ వేసి, కొబ్బరికాయ కొట్టి, అటెండరు ఘనీని దానికి ఇన్‌చార్జిగా నియమిస్తూ ఉత్తర్వు ఇచ్చారు. నిబంధన ఒకటే. మొదటి సైరన్‌కు సిబ్బంది అంతా లేచి తల వంచాలి. రెండో సైరన్ మోగేవరకు ఎవరూ పలకరాదు, తల ఎత్తరాదు, స్థానం విడవరాదు.

పదిన్నరకు పెద్దసారు ప్రసంగించారు. "వారు మనకోసం ప్రాణాలిచ్చారు. మనం వారికోసం రెండు నిమిషాలిద్దాం. ప్రజాసేవలో తలమునకలైన మనం అంతకు మించి ఇవ్వలేము!" సిబ్బంది చప్పట్లు కొట్టారు. కొందరికి కళ్ళు చెమర్చాయి.

పదకొండుకు సైరన్ కూసింది. ఊరి కుక్కలు గొంతు కలిపాయి. కార్యాలయమంతా ఎక్కడివారక్కడ లేచి, చేతిలో కలాలు చేతిలోనే ఉండగా తలలు వంచింది. వెంటనే కరెంటు పోయింది.

రెండు నిమిషాలకు ఘనీ మీట నొక్కాడు. మోగలేదు. "కరెంటు లేదు సార్" అందామంటే పలకరాదు. సైగ చేశాడు. వంచిన తలలకు సైగ ఏం కనిపిస్తుంది? మీట మీద వేలు పెట్టుకుని అతనూ తల వంచాడు.

అప్పుడే గుమ్మం దాటి లోపలికి వచ్చిన ఎంకవ్వకు మొదట భయమేసింది. అయినా వచ్చిన పని వచ్చినట్టే కాగితం పర్శరాములు బల్ల మీద పెట్టింది. "రేపు రా" కోసం కాసేపు ఓపిగ్గా చూసింది. రాలేదు. పర్శరాములు నోరు తెరిచి మూశాడు. మూడేళ్ళలో ఆమెకు జవాబు లేకుండా పోవడం అదే మొదలు. ఆమె కదల్లేదు. ఎదురుగా నిలబడ్డ ముసలమ్మను పంపించే మార్గం ఇంకేదీ లేక, పర్శరాములు చేతిలో ఉన్న కలంతో పొట్టి సంతకం గీకేశాడు.

ఎంకవ్వ కాగితం అందుకుంది. తిన్నగా పెద్దసారు గదిలోకి నడిచి, కాగితం ఆయన ముందు పరిచి, వేలితో చోటు చూపించింది. ఆయన నాలుక మీదికి నాలుగు అభ్యంతరాలు వచ్చాయి. నాలుగూ నోటితో చెప్పేవే. తల అడ్డంగా ఊపుదామంటే, వంచి ఉంచాలని రాసింది తానే. సంతకం చేయరాదని మాత్రం ఎక్కడా రాయలేదు. చేశారు. ముద్ర కోసం ఎంకవ్వ ఎవరినీ ఇబ్బంది పెట్టలేదు. ఏ కాగితానికి ఏ ముద్రో మూడేళ్ళుగా చూస్తున్న మనిషి, గుండ్రటిది తీసి తానే గట్టిగా గుద్దింది.

వరండాలో ఉన్నవాళ్ళంతా ఇది చూశారు. ఇంటి జాగా కోసం తిరిగే సలీమ్, రేషన్ కార్డు కోసం తిరిగే విమలమ్మ, ఇంకా పదిమంది, తోపులాట లేకుండా, చప్పుడు లేకుండా, పరమ దేశభక్తితో వరుసగా లోపలికి వచ్చారు. పన్నెండు నలభైకి కరెంటు వచ్చేసరికి కార్యాలయంలో పెండింగు కాగితం ఒక్కటి లేదు.

రెండో సైరన్ మోగింది. "ఎవరిదీ పని?" అని పెద్దసారు అరవబోయి ఆగారు. విచారణ జరిపితే, అమరవీరుల మౌనంలో తన చేయి కదిలిందని తన చేత్తోనే రాసుకోవాలి. "కార్యక్రమం జయప్రదమైంది" అన్నారు.

తాలూకా ప్రజలు ఊరుకుంటారా? మౌనం రోజూ పాటించాలని వేలిముద్రలతో పెద్ద అర్జీ పెట్టుకున్నారు. ప్రభుత్వం ఆలోచించి జవాబిచ్చింది. రోజూ పాటించడానికి తగినంతమంది అమరవీరులు లేరు. అయితే జాబితాలోని సమరయోధులెవరైనా దివంగతులైన పక్షంలో, ఆ మర్నాడు స్థానికంగా మౌనం పాటించవచ్చు.

పాతవాళ్ళంతా ఒక్కొక్కరే పోగా, ఆ చుట్టుపక్కల జాబితాలో బతికున్న పేరు ఒక్కటే, ఎల్లయ్యది.

ఆగస్టు పదిహేనున ఆయన మొదటి వరుసలో, కుర్చీలో, విరిగిన మోకాలు హాయిగా చాపుకుని కూర్చున్నాడు. ఎంకవ్వకు కడుపు నిండిపోయింది. ముప్పై నాలుగేళ్ళుగా ఆయన్ను పలకరించని ఊరు ఇప్పుడు కుర్చీ వెనక విరగబడి నిలబడింది. జెండా వైపు ఒక్కరూ చూడటం లేదు. ఎల్లయ్య దగ్గాడు. వెనకున్నవాళ్ళంతా ఒక అడుగు ముందుకు వేశారు.

"అవ్వా, బాపు పానం ఎట్లున్నది?" అని ఒకాయన గొంతు తగ్గించి అడిగాడు.

"మంచిగున్నది బిడ్డా. పొద్దుగాల రెండు గిన్నెల గట్క తాగిండు. ఇంక పదేండ్లకు ఢోకా లేదు" అంది ఎంకవ్వ, మురిసిపోతూ.

ఆయన చేతిలోని దరఖాస్తు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "గిట్లయితె ఈ ఊరు ఎన్నటికి బాగువడది" అన్నాడు.